రెండు కిలోల ఇల్లు

డిసెంబరు ఆఖరి వారంలో మేము మూడు రాత్రులు డాబా మీద గడిపాం. పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు రెండు సందుల అవతల మేము అద్దెకుంటున్న ఇల్లు అది. నీళ్ల ట్యాంకుకూ బట్టలారేసే తీగకూ మధ్యనున్న ఖాళీలో టెంటు వేసి, లోపల పాత పేపర్లు పరిచి, పైనుంచి బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరించి, ఏ మూల కాగితం తడిసిందో టార్చిలైటు వేసుకుని చూసేవాళ్లం. రెండో రోజు ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు.

"ఏం టీచరమ్మా, కింద స్లాబు గిట్ల కారుతున్నదా? పైకొచ్చి పంటున్నరు."

అదేం లేదండీ, పండక్కి ఊరికి పోతున్నాం, అక్కడ పడుకోడానికి ఇది, అన్నాం.

"ఊర్ల ఇల్లు లేదా?" అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాం.

మాది శబరి ఒడ్డు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ కలిసే చోటుకు కొంచెం ఎగువన మా కోయగూడెం. 2014లో తెలంగాణ నుంచి తీసి ఆంధ్రలో కలిపిన పోలవరం ముంపు మండలాల్లో మాదీ ఉంది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, మొదటి దశ 41.15 మీటర్లు. ఈ రెండు అంకెలు మా దగ్గర సంతకం రాని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. మా ఊళ్లో సగం మంది కాలనీకి పోయారు, సగం మంది ఇంకా అక్కడే ఉన్నారు. మా ఇల్లు ముంపుదాకా ఆగలేదు, 2022 జులై వరదకే గోడలు కూలాయి. మునగబోయే చోట మళ్లీ ఎవరు కడతారు? అమ్మను ఇక్కడికి తెచ్చేసుకున్నాం.

మేము అంటే అయిదుగురం. మాలో ఒకరం డీఎడ్ చదివి ఇక్కడి ప్రైవేటు బడిలో ఏడో తరగతి దాకా సైన్సు చెబుతాం. తమ్ముడు పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. మరదలు కూడా ఫ్యాక్టరీకే పోతుంది. వాళ్ల పాప తొమ్మిదో తరగతి. అమ్మ. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఈ ఫ్యాక్టరీల పట్టీలో మన వాళ్లు ఎంతమంది ఉన్నారో ఆదివారం సంతలో మాట వింటే తెలుస్తుంది. టమాటా బేరం తెలుగులో ఆడతారు, పక్కనున్న మనిషితో మాత్రం కోయలోనో లంబాడీలోనో గోండులోనో మాట్లాడతారు.

దీపావళి వెళ్లాక అమ్మ ఒక మాట అంది. "ఈసారి సంక్రాంతికి మన రేవు ఇసుకలో ఒక్క రాత్రి పడుకుని వద్దాం." కాలనీలో పిన్ని వాళ్లకు స్లాబు ఇల్లుంది, అక్కడ పడుకోవచ్చు కదా అన్నాం. "కాలనీలో పడుకోడానికి ఊరికెందుకు? ఇక్కడే పడుకోవచ్చు," అంది.

ఆ రేవుకు దారి ఇప్పుడు సరిగా లేదు. వరదకు గట్టు కోసుకుపోయింది, మధ్యలో వాగు అడ్డం, కంప పెరిగింది. నీళ్ల మీదుగా పోవడమే నయం. నాన్న ఉన్నప్పుడు దోనె ఉండేది. ఇప్పుడు మాకు తెలిసిన నీటి వాహనం కయాక్ ఒక్కటే.

కయాక్ మాకెలా తెలిసిందంటే, వికారాబాద్ దాటాక కోటిపల్లి జలాశయం ఉంది. అక్కడి ఊరి కుర్రాళ్లే కయాక్‌లూ లైఫ్ జాకెట్లూ అద్దెకిచ్చి తిప్పిస్తారు. తమ్ముడు ఒకసారి ఫ్యాక్టరీ స్నేహితులతో పోయి వచ్చి, తర్వాతి ఆదివారం మమ్మల్నందర్నీ తీసుకుపోయాడు. రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు చూసి అమ్మ నవ్వింది. "రెండు వైపులా దేనికి? మీకు ఒక వైపు చేతకాదా?" అని. మేము చప్పుడు చేసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంటే, ఆమె ముందు సీట్లో కూర్చుని తెడ్డు నీళ్లలో ఎంత ముంచాలో చెప్పింది. మూడు నాలుగు ఆదివారాలకు తిన్నగా పోవడం వచ్చింది.

మంజీరా ఇంత దగ్గరుండగా కోటిపల్లి దాకా ఎందుకని మీరు అడగొచ్చు. సంగారెడ్డి పక్కన మంజీరా హైదరాబాదుకు తాగునీరు, పైగా మొసళ్ల అభయారణ్యం. అక్కడ తెడ్డు వెయ్యకూడదు, వెయ్యాలని కూడా ఉండదు. ఇక నక్కవాగు సంగతి పటాన్‌చెరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీల మురికి దాంట్లో పడి మంజీరాకు చేరుతోందని 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయారు. మంజీరా పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి కూనవరం మీదుగా పోతుంది. అంటే మేము పని చేసే చోటి నీళ్లే మా ఊరి కింద నుంచి పోతాయి. పాప ఇది మ్యాపులో వేలుపెట్టి చూపించినప్పుడు తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. పాశమైలారంలో వాడు చేసేది డ్రమ్ములు కడిగే పనే.

బడిలో పిల్లలకు మేము చెప్పే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కయాక్ పట్నం వాళ్ల ఆట కాదు. ఆ మాటే ఇన్యూట్ ప్రజలది. ఉత్తర ధ్రువం దగ్గర మంచు దేశాల్లో ఉండే ఆదివాసులు వాళ్లు. కర్రలతో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం బిగించి కుట్టి, ఒక్క మనిషి కూర్చునేంత నోరు వదిలి, వేటకు పోయేవాళ్లు. వేసవి గుడారాలు కూడా చర్మంతోనే చేసుకునేవాళ్లు. ఇప్పుడు షాపుల్లో రంగురంగులుగా వేలాడే ఈ రెండు వస్తువులూ మనలాంటి వాళ్లు బతకడానికి చేసుకున్నవే. కొనబోయి ధర చూసినప్పుడు మాత్రం ఆ సంగతి మరిచిపోతాం.

గాలి ఊదుకునే రెండు సీట్ల కయాక్‌లు రెండు, చందానగర్‌లో ఒకాయన వాడి పక్కన పెట్టినవి, చవగ్గా దొరికాయి. ఒక్కొక్కటి పద్నాలుగు కిలోలు. తెడ్లు, పంపు, జాకెట్లు వేరే. ఇవన్నీ పట్టుకుని పోతిరెడ్డిపల్లి నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి రాత్రి బస్సులో భద్రాచలం, అక్కడి నుంచి కూనవరం బస్సు, తర్వాత ఆటో. పోయేది నలుగురం, అందులో ఒకరు అరవై దాటిన మనిషి, ఒకరు పిల్ల. మరదలికి సెలవు దొరకలేదు. "ఒకరైనా మంచం మీద పడుకోవాలి కదా," అంది. టెంటు తేలిగ్గా ఉండాలన్న పట్టుదల ఇక్కడ పుట్టింది.

మొదట మోసపోయాం. మోసం అనడం కూడా తప్పు, చూసుకోకుండా కొన్నాం. ఫోనులో బొమ్మ చూసి, నలుగురు పడతారని రాసుంటే, పన్నెండొందలకు తెప్పించాం. సంచిలోంచి తీసి విసిరితే దానంతటదే విప్పుకునే రకం. విప్పుకుంది. మళ్లీ మడవడానికి ఇంటిల్లిపాదీ గంట కుస్తీ పట్టాం. మడిచాక పెద్ద జల్లెడంత గుండ్రటి చక్రం అయింది. కయాక్‌లో సీటు వెనక జాగా సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఆ చక్రం అడ్డంగా పెడితే రెండు పక్కలా బయటికొచ్చి తెడ్డుకు తగులుతుంది, నిలువుగా పెడితే గాలికి తెరచాప అవుతుంది. బరువు చూస్తే రెండున్నర కిలోలే, కానీ పట్టే చోటు లేని బరువు అది. పైగా ఒకటే పొర. బకెట్ నీళ్లకు పైన కుట్ల వెంట చుక్కలు బారులు తీరాయి. ఇప్పుడది పాప బొమ్మల పుస్తకాలు పెట్టుకునే గది.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నాం. నేర్చుకున్నదాంట్లో పనికొచ్చేది కొంత చెబుతాం.

టెంటు చీటీ మీద బరువు రెండు రకాలుగా రాస్తారు. ఒకటి గుడ్డా కడ్డీలూ మాత్రమే. రెండోది మేకులు, తాళ్లు, సంచులు అన్నీ కలిపి. పెద్ద అక్షరాల్లో కనబడేది మొదటిదే. మేము చివరికి తీసుకున్న టెంటు మీద రెండు కిలోలని ఉంది. చౌరస్తా కిరాణా కొట్టులో కాటా మీద పెడితే రెండు కిలోల మూడు వందలు తూగింది. "కిలో ఎంతకు పడ్డదక్కా?" అని కొట్టతను అడిగాడు. లెక్కేసి చెబితే, జీడిపప్పు నయం అన్నాడు.

గుడ్డకు నీళ్లు ఆపే శక్తి మిల్లీమీటర్లలో రాస్తారు. 1500 అంటే, ఆ గుడ్డ మీద ఒకటిన్నర మీటరు ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా అవతలికి ఊరదని. పైకప్పుకు అది చాలు. కింద పరిచే గుడ్డకు చాలదు. మనిషి మోకాలో మోచెయ్యో ఆనినప్పుడు తడి నేల మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది, కాబట్టి నేలగుడ్డకు అంతకు రెట్టింపైనా ఉండాలని చూశాం. ఏడో తరగతిలో నీటి పీడనం పాఠానికి దీన్నే వాడుకున్నాం. గొట్టం, గుడ్డ ముక్క, రబ్బరు బ్యాండు ఉంటే చాలు. గొడుగు గుడ్డ, గోనె, బియ్యం సంచి, పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన రెయిన్‌కోటు ముక్క ఒక్కొక్కటీ కట్టి ఎంత ఎత్తుకు కారుతుందో కొలిచాం. తోటి టీచర్లు చేసి చూడండి, పిల్లలు మరిచిపోరు.

దారం మందం డెనియర్లలో ఉంటుంది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. అంకె తగ్గితే తేలిక, దాంతోపాటే ముల్లుకు చిరిగే గుణం కూడా వస్తుంది. కడ్డీలు ఫైబరువైతే చవక, కానీ బరువు, విరిగితే చేతికి నూగులా గుచ్చుకుంటాయి. అల్యూమినియానివి తేలిక, వంగితే మళ్లీ సరిచెయ్యొచ్చు. కొన్ని బాగా తేలికైన టెంట్లకు కడ్డీలే ఉండవు, కొండలెక్కే వాళ్ల చేతికర్రల మీద నిలబడతాయి. మన దగ్గర చేతికర్రలెక్కడివి? విడదీసిన తెడ్డు నిలబెట్టొచ్చంటారు, అదీ చేసి చూశాం. పొడవు కుదరక టెంటు ఒక పక్కకు మెడ వాల్చింది.

ఏటి ఒడ్డున అన్నిటికంటే ముఖ్యం రెండు పొరలు. లోపల సన్నటి జాలీ, దానికి తగలకుండా పైన వాన గుడ్డ. చలికాలం రాత్రి నీళ్ల పక్కన మంచు దిగుతుంది. మన ఊపిరిలోని తడి కూడా పోయి ఆ చల్లటి గుడ్డకు లోపలి వైపు అంటుకుంటుంది. ఒకటే పొరైతే తెల్లారి గుడ్డ తగిలిన చోటల్లా దుప్పటి తడిసి, కారిందనుకుని టెంటును తిట్టుకుంటాం. రెండు పొరలుంటే ఆ నీళ్లు పైగుడ్డ మీదే జారి బయటికి పోతాయి. దీనికి నాలుగైదు వందల గ్రాములు పెరుగుతుంది. మా తమ్ముడు ఆ నాలుగైదు వందల గ్రాముల దగ్గరే పట్టుబట్టాడు. వాడికి ఒకటే పొరది, ఒకటే తలుపుది, కిలో మూడు వందల గ్రాములది నచ్చింది. "అక్కా, రెండు తలుపులెందుకు, మనమేమన్నా కల్యాణమండపం తీసుకుంటున్నామా?" అన్నాడు.

నలుగురికీ కలిపి ఒక్క పెద్దది తీసుకోవాలా, ఇద్దరేసి పట్టేవి రెండు తీసుకోవాలా అన్నది మరో తగువు. లెక్కకు పెద్దదే కొంచెం కలిసొస్తుంది. కానీ అదంతా ఒకే కయాక్‌లో పోవాలి. ఆ కయాక్ తిరగబడితే నలుగురికీ నీడ పోయినట్టే. రెండు చిన్నవైతే ఒక్కో పడవలో ఒక్కోటి. నాన్న కూడా అగ్గిపెట్టె ఒకటి దోనెలో, ఒకటి తలగుడ్డలో పెట్టుకునేవాడు. దీని మీద ఎక్కువ వాదన జరగలేదు. ఒకటి షాపులో కొని, రెండోది కోటిపల్లిలో పరిచయమైన వాళ్ల దగ్గర నాలుగు రోజులకు అడిగి తెచ్చుకోవాలనుకున్నాం. ఏది కొనాలన్నదే తేలలేదు. తమ్ముడికి నచ్చిందీ, రెండు తలుపులదీ, ఫలానా రోజులోగా వాపసు తీసుకుంటామంటేనే రెండూ తెచ్చి డాబా మీద వేశాం.

అమ్మ మొదటి రోజే ఒక మాట చెప్పింది. "నీలం రంగు వద్దు, నల్లది వద్దు." ఎందుకని అడిగితే చెప్పలేదు. రంగుదేముందిలే అనుకున్నాం.

రెండో రాత్రి ఏమైందంటే, తమ్ముడు మెచ్చిన టెంటులోకి అమ్మ దూరింది, నడుం వాల్చి చూద్దామని. పాప కింద అన్నం తింటోంది. అమ్మ లోపలుందని తమ్ముడికి తెలియదు. వాడు ట్యాంకు దగ్గర బకెట్ నింపుకొచ్చి ఒక్కసారిగా పైన గుమ్మరించాడు. రెండోది కూడా ఎత్తాడు. లోపల్నుంచి అరుపు వచ్చింది. జిప్పు ఎటు లాగాలో తెలియక ఆమె గుడ్డను చేతులతో కొడుతోంది. మేము పరుగెత్తి జిప్పు తీసేసరికి నాలుగు కాళ్ల మీద పాకుకుంటూ బయటికొచ్చింది. ఒంటి మీద చుక్క తడి లేదు. వణుకుతోంది.

2022 జులై వరద సంగతి మీలో చాలామందికి తెలుసు. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16న 71.3 అడుగులు దాటాక తగ్గడం మొదలైంది. 1986లో 75.6 వచ్చిందని పెద్దవాళ్లు చెప్పేది. ఆ తర్వాత అంత నీరు చూసింది అప్పుడే. మేము అప్పుడు పోతిరెడ్డిపల్లిలోనే ఉన్నాం. టీవీ కింద గీతలో ఆ అంకె గంటగంటకూ మారుతుంటే చూస్తూ కూర్చున్నాం. అమ్మ ఫోను కలవలేదు. గుట్ట మీద ఉన్నారట అని ఎవరి ద్వారానో కబురు తెలిసింది. తర్వాత ఆమెను తెచ్చుకున్నాక, ఎలా ఉన్నారమ్మా అంటే, "ఉన్నాంలే, అందరితో పాటే," అంది. మూడేళ్లు అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. మేము కూడా ఎక్కువ అడగలేదు. ఏం అడగాలో తెలియక కొంత, అడిగితే అప్పుడు మీరెక్కడున్నారని అంటుందేమోనని కొంత.

ఆ రాత్రి డాబా మీద, ట్యాంకుకు ఆనుకుని కూర్చుని చెప్పింది. పన్నెండు రాత్రులు. రెండు టేకు చెట్లకు తాడు కట్టి పైన నల్ల బరకం, పక్కన నీలం బరకం. మూడు కుటుంబాలు. కింద ఏమీ లేదు, కొండ మీంచి వచ్చే నీళ్లు వీపు కింద నుంచి పారేవి. గరిటెతోటీ పళ్లెంతోటీ కాలువ తీశారు. బరకం మీద వాన చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. అన్నిటికంటే పెద్ద బాధ అది కాదు. లోపల పడుకుంటే ఏరు కనపడదు. నీళ్లు ఎంతదాకా వచ్చాయో తెలియదు. అందుకని నీటి అంచున పుల్ల గుచ్చి వచ్చేవాళ్లు. కాసేపటికి ఎవరో ఒకరు టార్చి తీసుకుని పోయి చూసి, పుల్ల మునిగితే ఇంకొకటి పైన గుచ్చి వచ్చేవాళ్లు. రాత్రుళ్లు ఆ పని ఎక్కువగా అమ్మదే, ఎలాగూ ఆమెకు నిద్ర పట్టదు కాబట్టి. "మన ఇంటి కప్పు మునిగింది కూడా నేనే చూసిన. పుల్ల చూడ్డానికి పోయి."

మా కోయ మాటలో నీళ్లను ఏరు అంటాం. తెలుగులో ఏరంటే పారే వాగు. అమ్మ చెబుతున్నంతసేపూ ఆ రెండు అర్థాలూ ఒకటే అయిపోయాయి.

ఆమె చెప్పిందంతా విన్నాక తమ్ముడు లేచి, కిలో మూడు వందలదాన్ని మడిచేశాడు. వాడి మొహం చూసి మేమేమీ అనలేదు. మర్నాడు రాత్రి రెండు తలుపులది, ఆకుపచ్చది, మళ్లీ వేశాం. రెండు వైపులా జిప్పులు పూర్తిగా తీసి, పైగుడ్డ పైకి చుట్టి కట్టాం. పడుకుంటే ఒక వైపు నుంచి హైవే మీద లారీల లైట్లు, ఇంకో వైపు నుంచి బట్టలారేసే తీగ కనిపిస్తున్నాయి. అమ్మను ముందు బయట కూర్చోబెట్టి, పాపను లోపల పడుకోమని, అమ్మ చేతికే మగ్గు ఇచ్చాం. ఆమే పోసింది. మొదట మగ్గు, తర్వాత బకెట్. పాప లోపల్నుంచి "రాలేదు నానమ్మా, రాలేదు," అని అరుస్తూనే ఉంది. చివరికి అమ్మ తనే లోపలికి పోయి పడుకుని, మమ్మల్ని పొయ్యమంది. మెల్లిగా పోశాం. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది, "ఇది కారదు. తలుపు మాత్రం ఏటి వైపుండాలి."

తలుపు ఏటి వైపు అనేది ఏ చీటీ మీదా రాయరు. రెండో తలుపుకూ రెండో పొరకూ కలిపి మాకు కిలో బరువు పెరిగింది. ఆ కిలో ఎక్కడ తగ్గించాలో తర్వాత చూసుకున్నాం. నాలుగు స్టీలు గిన్నెలకు బదులు రెండు, రెండేసి జతల బట్టలకు బదులు ఒకటి, తమ్ముడి బ్లూటూత్ స్పీకరు ఇంట్లో.

టెంటును కొన్నప్పుడు వచ్చిన సంచిలో పెట్టలేదు. అది లావుగా ఉంటుంది. లోపలి పొర ఒక దిండు గలీబులో, పైగుడ్డ ఇంకో గలీబులో కుక్కి, కడ్డీలు విడిగా కయాక్ పొడవునా పక్కకు పెట్టాం. పొద్దున తడిసేది పైగుడ్డ ఒక్కటే. అది విడిగా ఉంటే పొడిది తడవదు. గలీబులను నీళ్లు దూరని సంచుల్లో పెట్టి, మూతి మూడు చుట్లు చుట్టి బిగించాం. బరువైనవి మధ్యలో, సీటుకు దగ్గరగా. తేలికైనవి చివరలకు.

లైఫ్ జాకెట్ సంగతి మాత్రం గట్టిగా చెబుతాం. ఈత వచ్చు కదా అని మన పిల్లలు వేసుకోరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు, నది ఒడ్డున పుట్టిన మన వాళ్లే పడవలేసుకుపోయి చేతికందిన వాళ్లను తీశారు. జాకెట్ ఉన్నవాళ్లు చేతికందారు. అమ్మ కూడా గొణుక్కుంటూనే వేసుకుంది.

సంక్రాంతి ముందు రోజు మధ్యాహ్నం కయాక్‌లు ఊది నీళ్లలో వేశాం. ఊరిపెద్దకు ముందే చెప్పాం. కిందికి పోయి పాపికొండల వైపు పడుకోవాలనుకునే వాళ్లు గుర్తుంచుకోండి, అది 2008 నుంచి జాతీయ పార్కు, అటవీశాఖ అనుమతి లేకుండా గుడారం వెయ్యడం కుదరదు. మాది మా రేవు. అమ్మ ముందు సీట్లో, వెనక తమ్ముడు. ఇంకో దాంట్లో పాపా మేమూ. శబరి జనవరిలో అద్దంలా ఉంటుంది. అమ్మ ఒక్కొక్క చోటూ చెయ్యి చూపించి పేరు చెబుతోంది. ఫలానా వాళ్ల మామిడి, ఫలానా మడుగు. కొన్ని మాకు తెలుసు, కొన్ని తెలియవు. పాప వాటిని ఫోనులో రికార్డు చేసుకుంది.

ఇసుక బాగానే మిగిలింది. పాప నీళ్ల పక్కన చదునుగా ఉన్న చోట చూపించి ఇక్కడ వేద్దామంది. అమ్మ ఒప్పుకోలేదు. వరద వదిలిన పుల్లలూ ఆకుల చెత్తా గీతలా ఉన్న చోటు వెతికి, దానికి పైన వెయ్యమంది. అది భయంతో చెప్పిన మాట కాదు. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు కేంద్రంలో కరెంటు తీసినప్పుడు వదిలే నీళ్లు సీలేరులోంచి శబరిలోకి వస్తాయి. వాన లేకుండానే ఏరు పెరుగుతుంది. ఆ సంగతి ఈ ఒడ్డున పుట్టిన వాళ్లందరికీ తెలుసు, మేమే మరిచిపోయాం.

టెంటుతో వచ్చిన మేకులు ఇసుకలో వెన్నలో చెంచాలా దిగి, అలాగే పైకొచ్చాయి. మేకు నిలువుగా దిగేస్తే ఇసుక పట్టదు. అమ్మ పుల్లలు ఏరుకొచ్చి, ఒక్కో పుల్ల నడుముకు తాడు కట్టి, మూరెడు గొయ్యిలో అడ్డంగా పెట్టి పూడ్చి తొక్కింది. వల కట్టడానికి నాన్న అలాగే చేసేవాడట. మిగిలిన మూలలకు చిన్న బియ్యం సంచుల్లో ఇసుక నింపి కట్టాం. రాత్రి గాలి లేచినా కదల్లేదు. నాన్న ఇక్కడికి వచ్చేటప్పుడు కత్తీ చాపా తప్ప ఏమీ తెచ్చేవాడు కాదు. వెదురు ఒడ్డునే ఉండేది, తాటాకు పైన పరిచేవాడు, తెల్లారితే అక్కడే వదిలేసి వచ్చేవాడు. అంతకంటే తేలికైనది ఏ షాపులోనూ లేదు. ఇప్పుడు ఆ ఒడ్డున వెదురు లేదు, కాబట్టి మోసుకొచ్చాం.

పొద్దు పోయాక అమ్మ నీటి అంచుకు పోయి పుల్ల గుచ్చి వచ్చింది. మేమెవరం ఏమీ అనలేదు. ఆకుపచ్చ టెంటులో అమ్మా పాపా, అడిగి తెచ్చిన దాంట్లో మేము. తలుపు ఏటి వైపే. మంచు బాగా దిగింది. పైగుడ్డ లోపలి వైపు వేలు పెడితే నీళ్లు జారుతున్నాయి, లోపలి జాలీ పొడిగానే ఉంది. మాకు నిద్ర పట్టేసింది. పాప పొద్దున చెప్పింది, నానమ్మ పడుకున్న చోటు నుంచే టార్చి వేసి చూసిందట, మూడు సార్లు. నాలుగోసారి పాపకు మెలకువ వచ్చేసరికి టార్చి పక్కన పడుంది, నానమ్మ గురక పెడుతోంది.

టీ కాచేటప్పుడు అమ్మ చెప్పింది. "అర్ధరాత్రి దాటాక నాలుగు వేళ్లు పెరిగింది. కరెంటు నీళ్లు. కోడి కూసే ముందు తీసింది." పోయి చూస్తే పుల్లకు నాలుగు వేళ్ల మేర తడి గీత ఉంది.

పోతిరెడ్డిపల్లి వచ్చాక రెండు టెంట్లూ డాబా మీద ఆరబెట్టాం. తడితో మడిచి పెడితే గుడ్డకు పూసిన పూత జిగురుగా అయి ఊడిపోతుంది, ఎక్కువ ఎండలో వదిలేస్తే దారం చచ్చిపోతుంది. అందుకని పూటంతా నీడలో ఉంచి, వదులుగా చుట్టి, పాత గలీబులోనే పెట్టి సజ్జ మీద దాచాం. వచ్చే సంక్రాంతికి ఆ ఇసుక నీళ్ల పైన ఉంటుందో లేదో 41.15 అనే అంకె చెప్పాలి. ఇంటాయన మనవడు టెంటు అడిగాడు, ఆదివారం డాబా మీద వేసుకుంటాడట. ఇస్తామన్నాం. మేకులు లెక్కపెట్టి ఇవ్వాలి. పద్నాలుగులో రెండు తగ్గాయి, ఇసుకలో ఉండిపోయాయి.